కొమ్మ మీద మూర్ఖుడు, ముందు వరుసలో అమ్మగారు

బెంగళూరులో నేను ఒక సాయంత్రం పాటు మహాకవిగా బతికాను. అంతకు ముందు రోజు వరకూ ఫ్యాక్టరీలో స్టోర్స్ గుమాస్తాని, ఆ మర్నాటి నుంచీ మళ్లీ స్టోర్స్ గుమాస్తానే. మధ్యలో ఉన్న ఆ ఒక్క సాయంత్రాన్ని మా ఇంట్లో ఎవరూ నమ్మరు. నేను చెప్పే ఏ సంగతైనా నాలుగో వంతు తరుగు తీసేసి వినడం మా ఆవిడకు అలవాటు. మీరూ అలాగే తీసేసుకోండి. అయినా బోలెడు మిగులుతుంది.

తొంభైల మొదట్లో యలహంకలో ఒక మిద్దె మీద గదిలో అద్దెకు ఉండేవాణ్ణి. గది అంటే మరీ గొప్పగా ఊహించుకోకండి. మంచం మీద వెల్లకిలా పడుకుంటే ఒక గోడకు తల, ఎదుటి గోడకు పాదాలు తగిలేవి. ఆ గదిలో ఉండబట్టే నేను ఇంకో రెండంగుళాలు పెరగలేదని ఇప్పటికీ నా అనుమానం. బయట మిద్దె మాత్రం మైదానంలా ఉండేది. దాని మీదుగా వైమానిక దళం వాళ్ల విమానాలు ఎంత కిందుగా పోయేవంటే, ఒకనాటి పొద్దున ఒక పైలటు నా పళ్లెంలోకి తొంగి చూసి, ఇవాళ కూడా ఉప్మాయేనా అన్నట్టు జాలిగా తల ఊపి వెళ్లాడు.

ఇంటివారు రిటైరైన సంస్కృతం మేష్టారు. వాళ్ల తాతల కాలంలోనే హిందూపురం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఆయన ఇంట్లో తెలుగు మాట్లాడేవారు, వీధిలో కన్నడం మాట్లాడేవారు, నిద్రలో మాత్రం సంస్కృతం మాట్లాడేవారని వాళ్లావిడ చెప్పేది. ఆదివారం సాయంత్రాలు ఆయన మిద్దె మీదికి వచ్చి, నీళ్ల తొట్టి గట్టు మీద కూర్చుని, పాత నాటకకర్తల కథలు చెప్పేవారు. వెయ్యేళ్లో, అంతకు రెట్టింపో కింద బతికిన వాళ్ల గురించి, పక్క వీధిలో ఉండి నిన్ననే ఇల్లు ఖాళీ చేసి పోయిన వాళ్ల గురించి మాట్లాడినట్టు మాట్లాడేవారు. ఎవడికి ఏ కూర ఇష్టమో కూడా ఆయనకు తెలుసునని నాకు గట్టి నమ్మకం.

ఒక రాజుగారు నాటకం రాసి, దాని ప్రస్తావనలోనే, ఈ గ్రంథకర్త నూరేళ్లు నిండుగా బతికి, చివరికి తనంతట తానే నిప్పుల్లోకి నడిచి కాలం చేశాడని రాసి పెట్టాడట.

"పోయినాక ఎలా రాశాడు మేష్టారూ?" అని అడిగాను.

"అదే కదప్పా గొప్పతనం! బతికుండేవాడు ఎవుడైనా రాస్తాడు."

ఇంకొక నాటకకర్త తన కొత్త నాటకం వినిపించడానికి ఒక మహాకవి దగ్గరికి మనిషిని పంపాడట. ఆ మహాకవి చదరంగం ఆడుతూనే మొత్తం విని, ఆట అయ్యాక, అంతా బాగుంది గానీ ఒక మాటలో ఒక్క సున్నా జాస్తి అయిందన్నాడట. వాళ్లిద్దరి మధ్యా వందల ఏళ్ల తేడా ఉందని ఎక్కడో చదివాను కదా అని నేను అడ్డు తగిలితే, మేష్టారు నా వైపు చాలా దయగా చూశారు.

"ఉండనీప్పా. గొప్పోళ్లు కలవాలనుకుంటే కాలం అడ్డమొస్తాదా?"

అన్నిటికంటే ఆయన ఎక్కువసార్లు చెప్పిన కథ నిప్పు కథ. ఒక నాటకకర్త నాటకాలన్నీ పండితులు పోగేసి, వీటిలో ఏది నిలిచేదో తేల్చుదామని మంటలో వేశారట. అన్నీ అంటుకున్నాయి గానీ ఒక్క నాటకం మాత్రం కాలలేదట. అగ్నిదేవుడికి కూడా దాన్ని తినడానికి మనసు రాలేదన్నమాట. ఒకరోజు ఈ కథ చెప్పాక మేష్టారు మెట్ల వైపు చూసి గొంతు తగ్గించారు.

"మా ఇంట్లో కూడా ఉండాదప్పా అట్లాంటి అగ్ని. కాల్చదు. గురక పెడతాది."

అప్పుడు తెలిసింది ఆయన బాధ. మేష్టారు జీవితమంతా నాటకాలు రాశారు. బడి వార్షికోత్సవాలకు, రామనవమి పందిళ్లకు, గణపతి ఉత్సవాలకు ఆడించారు కూడా. వాళ్లావిడ, అంటే నేను అమ్మగారు అని పిలిచే ఆవిడ, ప్రతి నాటకానికీ పట్టుచీర కట్టుకుని వెళ్లి ముందు వరుసలో కూర్చునేది. తెర లేచి సూత్రధారుడు నోరు తెరిచేసరికి ఈవిడ కళ్లు మూసేది. ఆ నిద్ర మామూలు నిద్ర కాదు. ఒకసారి రంగస్థలం మీద యుద్ధం జరిగి, కత్తి ఒకటి విరిగి వచ్చి ఆవిడ ఒళ్లో పడితే, నిద్రలోనే దాన్ని మడిచి సంచిలో పెట్టుకుందని మేష్టారు చెప్పారు. కత్తి అట్టదే అయి ఉంటుంది. అయినా నేను అది ఉక్కు కత్తి అనే ఊహించుకుంటాను.

పోనీ ఆవిడకు కథలంటే పడదా అంటే అదీ కాదు. వారపత్రికలో డిటెక్టివ్ సీరియల్ వచ్చే రోజు ఇంటి గుమ్మంలో కాపలా ఉండేది. పేపరబ్బాయి సైకిల్ బెల్లు మోగిందంటే పొయ్యి మీద పాలను పాల ఖర్మానికి వదిలేసేది. ఆ సీరియల్‌లో హంతకుడెవరో తెలియక ఒక వారమంతా కూరల్లో ఉప్పు వేయలేదు.

నేను ఉండబట్టలేక ఒకసారి ఆవిణ్ణే అడిగాను. "అమ్మా, మేష్టారి నాటకాలకి మీరు నిద్రపోతారట కదా?"

"ఏం చేసేదప్పా?" అంది, ఏమాత్రం దాచుకోకుండా. "ఆయన నాటకంలో అందరూ ఆయన మాదిరే మాట్లాడతారు. రాజూ అట్లే, దాసీ అట్లే, దొంగా అట్లే. పొద్దన్నుంచీ ఇంట్లో వినేదే కదా అని కన్ను తానుగా మూసుకుంటాది. నాకేమన్నా పగనా?"

ఈ మాట నేను మేష్టారికి చేరవేయలేదు. నాకు కొంటెతనం ఉంది గానీ అద్దె గది మీద ప్రేమ కూడా ఉంది.

ఆ చలికాలంలో మా ఫ్యాక్టరీ తెలుగు సంఘం వార్షికోత్సవానికి నాటకం కావాలన్నారు. నేను మేష్టారి పేరు చెప్పాను. ఆయన ముందు వద్దన్నారు. తర్వాత ఆ సాయంత్రమంతా మిద్దె మీద అటూ ఇటూ నడిచి, నా గది తలుపు తట్టారు.

"రాస్తానప్పా. కొమ్మ మీద కూర్చోని అదే కొమ్మని నరికిన మహాకవి కథ. ఇదే కడాకరిది. దీనికైనా ఆమె కడదాకా మేలుకోవాల. ఆమె నిద్రపోయిందంటే నా కలం అటకెక్కుతాది. అంతే."

ఆయన నవ్వుతూ చెప్పలేదు. కాబట్టి నేనూ నవ్వలేదు.

ఆ కథ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కల్లో చెబుతాను. ఒక రాకుమారి తన దగ్గరికి వచ్చిన పండితులందర్నీ వాదంలో ఓడించి పంపేస్తుంది. వాళ్లకు ఒళ్లు మండి, ఆవిడకు ఒక శుద్ధ మూర్ఖుణ్ణి కట్టబెట్టాలని వెతుకుతుంటే, తాను కూర్చున్న కొమ్మను తానే నరుక్కుంటున్న మహానుభావుడు కనిపిస్తాడు. అతణ్ణి మౌనవ్రతంలో ఉన్న గురువని నమ్మించి పెళ్లి చేస్తారు. నిజం బయటపడ్డాక రాకుమారి గెంటేస్తుంది. అతను పోయి అమ్మవారి కాళ్ల మీద పడితే, ఆవిడ కరుణిస్తుంది, మూర్ఖుడు మహాకవి అవుతాడు.

మేష్టారు నాటకం పది రోజుల్లో రాసేశారు. చిక్కు పాత్రల దగ్గర వచ్చింది. మా సంఘం అధ్యక్షులవారు ఫ్యాక్టరీలో మా సెక్షన్‌కు మేనేజరు కూడా. భారీ మనిషి. ఆయన తలుపులోంచి లోపలికి వచ్చాక, ఆయన పొట్ట వచ్చిందా లేదా అని మేం వెనక్కి చూసుకోనక్కర్లేదు, అదే ముందు వచ్చేది. కాలేజీ రోజుల్లో పద్యాలు పాడి కప్పులు గెలిచానని చెప్పేవారు. మహాకవి పాత్ర ఆయనకే కావాలి.

"కానీ మేష్టారూ, నా పొజిషన్ కూడా మీరు చూడాలి కదా," అన్నారు. "ఈ కొమ్మ ఎక్కడం, పడిపోవడం, పెళ్లాం గెంటేయడం... సబార్డినేట్స్ ముందర బాగుండదు. వరం వచ్చిన తర్వాత నుంచి నేను చేస్తాను. వరం వచ్చే ముందు వరకూ ఎవరైనా చేయొచ్చు."

ఎవరైనా అంటూ ఆయన గది మొత్తం కలియజూశారు. చూపు నా మొహం దగ్గర ఆగిపోయింది. అంత నమ్మకంగా నన్ను ఏ పనికీ ఎవరూ ఎంచుకోలేదు.

ఇలా లోకంలో ఎక్కడా లేని విధంగా, ఒకే మహాకవిని మేం ఇద్దరం పంచుకున్నాం. మూర్ఖత్వం నా వాటా, కవిత్వం మేనేజరు గారి వాటా. ఆఫీసులో కూడా ఇంచుమించు ఇదే ఏర్పాటు కాబట్టి ఎవరికీ వింతగా అనిపించలేదు. అమ్మవారు వరమిచ్చే చోట దీపాలార్పుతారు. చీకట్లో నేను దిగిపోతాను, ఆయన ఎక్కుతారు. దీపాలు వెలిగేసరికి మూర్ఖుడు పోయి మహాకవి నిలబడి ఉంటాడు.

ఆడ పాత్రలకు ఒక్కరే దొరికారు. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో పనిచేసే ఆవిడ. ఆవిడే రాకుమారి, ఆవిడే అమ్మవారు. గొంతు చాలా బాగుండేది గానీ, ఏళ్ల తరబడి ట్రంకు కాల్స్ కలిపిన అలవాటు వల్ల, "భక్తా, నీ మొర ఆలకించితిని" అన్నప్పుడు కూడా మూడు నిమిషాలు అయిపోయాయేమో అనిపించేది.

రిహార్సల్స్ మా మిద్దె మీదే. విమానం వచ్చినప్పుడల్లా రాకుమారి నోరు తెరిచినది తెరిచినట్టు ఆగేది. అది పోయాక మాట అక్కణ్ణుంచే కొనసాగేది. అమ్మగారు కాఫీలు తెచ్చి ఇచ్చి, ఒక్క క్షణం కూడా నిలబడకుండా దిగిపోయేది. "నిద్ర తెచ్చుకునేదానికి ఇంకా టైముండాది" అనేది మెట్ల మీద.

కొమ్మ విషయంలో మేష్టారు ఎవరి మాటా వినలేదు. అట్ట కొమ్మ పనికిరాదు, నిజం కొమ్మ కావాలన్నారు. దేవనహళ్ళి వైపు ఎవరో తెలిసిన రైతు తోపులోంచి ఒక నీలగిరి కొమ్మను లారీ మీద తెప్పించారు. అది ఎంత పెద్దదంటే, దారిలో రెండు పిచ్చుకల కుటుంబాలు దిగిపోగా, ఒక పిచ్చుక మాత్రం మాతో హాలు దాకా వచ్చింది. దాన్ని కల్యాణమంటపం వేదిక మీద ఇనుప చట్రానికి కట్టారు. ఆ ఆకుల వాసనకు ముందు రెండు వరుసల్లో జలుబుతో వచ్చినవాళ్లు జలుబు లేకుండా వెళ్లారు. కొమ్మను మధ్యలో ముందే కోసి, తాడుతో బిగించారు. నేను కొస వైపు కూర్చుని, వెండి రంగు వేసిన చెక్క గొడ్డలితో నరుకుతూ "అమ్మా!" అని అరవాలి. అప్పుడు తెర పక్కన ఉన్న మేష్టారు తాడు వదులుతారు. కొమ్మ, నేను కలిసి కింద పరుపు మీద పడతాం. కాగితం మీద చాలా బాగుంది.

నాటకం సాయంత్రం మొదలైంది. హాలు నిండిపోయింది. అమ్మగారు పట్టుచీరలో, ఒళ్లో సంచితో, ముందు వరుసలో నట్టనడుమ. మేష్టారు ఒక చేత్తో తాడు పట్టుకుని, తెరకున్న చిరుగులోంచి ఆవిడ మొహాన్నే చూస్తున్నారు. వెనక నాటకం ఏమవుతోందో ఆయనకు పట్టలేదు. సూత్రధారుడు వచ్చి మంగళ వాక్యాలు మొదలుపెట్టాడు. అమ్మగారి తల ఒక పక్కకు వాలింది. మేష్టారి మొహం నాకు కనిపిస్తోంది. పరీక్ష ఫలితాల బోర్డు ముందు నిలబడ్డ కుర్రాడి మొహంలా ఉంది.

నేను కొమ్మ ఎక్కాను. రిహార్సల్స్ అన్నీ బెంచీ మీదే చేశాం కాబట్టి నిజం కొమ్మను ఎక్కడం అదే మొదటిసారి. బెంచీకి మొదలూ కొసా ఉండవు. కొమ్మకుంటాయి. నా బుద్ధి మూర్ఖత్వానికి పూర్తిగా సిద్ధపడే ఉంది. కానీ నా నడుము సిద్ధపడలేదు. నేను చెప్పకుండానే అది పోయి మొదలు వైపు, ఇనుప చట్రాన్ని ఆనుకుని, భద్రంగా కూర్చుంది. నేను గొడ్డలి ఎత్తి అవతలి కొసను నరకడం మొదలుపెట్టాను. అంటే, ప్రపంచంలో తెలివైనవాడెవడైనా ఎలా నరుకుతాడో అలాగన్నమాట.

పండితులుగా వేసిన ఇద్దరూ వచ్చి, నన్ను చూపించి, "ఆహా! ఎంతటి మూర్ఖుడు!" అన్నారు. హాల్లో ఎవరికీ ఏమీ తేడా కనబడలేదు. మేష్టారు మాత్రం గమనించి చేతులు ఊపుతున్నారు. తాడు వదిలితే కొస పడిపోతుంది, మూర్ఖుడు పైనే మిగిలిపోతాడు. నేను ఆయన చేతులు ఊపడాన్ని మెచ్చుకోలు అనుకుని ఇంకా ఉత్సాహంగా నరికాను.

అప్పుడు ముందు వరుసలోంచి వినబడింది.

"ఏయ్ అప్పా! నువ్వు కూర్చున్న పక్క సరిగానే ఉండాదే! ఇట్ల నరికితే నిన్ను మూర్ఖుడని ఎవరంటారు?"

అమ్మగారు. కళ్లు తెరిచే ఉన్నాయి. వాలిన తల నిటారుగా ఉంది. హాలంతా ఒక్కసారి నా కొమ్మ వైపు చూసి, సంగతి అర్థమై, గొల్లుమంది.

"కొస పల్చగా ఉందమ్మా," అన్నాను.

"ఉంటే ఏమి? పల్చగా ఉండేది నీకు తెలవకూడదు. నువ్వు మూర్ఖుడివి కదా! జరుగు, ఆ కొసకి జరుగు!"

పాకుతూ కొసకు జరిగాను. నేనింకా "అ" అని కూడా అనలేదు. చిరుగులోంచి ఆ తెరుచుకున్న కళ్లను చూస్తున్న మేష్టారు ఆనందం పట్టలేక తాడు వదిలేశారు. కొమ్మ, ఆకులు, గొడ్డలి, పిచ్చుక, నేను అందరం ఒకేసారి దిగాం. ఆ పరుపులోంచి, ఆ మంటపంలో అప్పటివరకూ జరిగిన పెళ్లిళ్లన్నిటి అక్షింతలూ పైకి లేచాయి. హాలు తెరిపిన పడేసరికి కొంత సేపు పట్టింది. అమ్మగారు పక్కావిడతో, "ఇప్పుడు సరిపోయింది" అంటోంది.

తర్వాత రాకుమారితో మూగ వాదం. ఆవిడ ఒక వేలు చూపిస్తుంది, దేవుడొక్కడే అని. మూర్ఖుడు అది తన కన్ను ఒకటి పొడుస్తానని బెదిరించడం అనుకుని, నీ రెండు కళ్లూ పొడుస్తానని రెండు వేళ్లు చూపిస్తాడు. పండితులు దానికి జీవుడూ దేవుడూ అని అర్థం చెబుతారు. నేను సిటీ బస్సులో రెండు టిక్కెట్లు అడిగినంత సహజంగా చూపించాను. అమ్మగారు పెద్దగా నవ్వింది. మేష్టారి నాటకంలో ఆవిడ నవ్వడం నేనే కాదు, ఆయన కూడా వినడం అదే మొదటిసారి. తెర వెనక ఆయన గోడను పట్టుకున్నారు.

నిజం బయటపడి రాకుమారి నన్ను గెంటేసింది. పోయి కిరీటం పెట్టుకుని అమ్మవారై వచ్చింది. నేను కాళ్ల మీద పడ్డాను. మొర ఆలకించితిని, తథాస్తు అంది. దీపాలు ఆరాయి. నేను దిగాను, అధ్యక్షులవారు ఎక్కారు. వేదిక కిర్రుమంది. దీపాలు వెలిగాయి.

పట్టు పంచె, జరీ ఉత్తరీయం, భుజాల దాకా విగ్గు. రెండు చేతులూ చాచి ఆయన మొదటి పద్యం ఎత్తుకోబోతున్నారు.

"ఒక్క నిమిషం స్వామీ," అంటూ అమ్మగారు లేచి నిలబడింది. "మీరెవరు?"

ఆయన చేతులు చాచినవి చాచినట్టే ఉండిపోయాయి. "నేను... నేనే మహాకవినమ్మా."

"కాదే? కొమ్మ మీంచి పడింది ఆ బక్కోడు కదా. అమ్మవారి కాళ్ల మీద పడింది కూడా వాడే. వరం మీకెట్ల వచ్చె?"

"వరం వల్ల మారిపోయాడమ్మా. అది ఇమాజినేషన్."

"అమ్మవారు బుద్ధి ఇస్తాది స్వామీ, పొట్ట ఇస్తాదా?"

ఆ తర్వాత హాల్లో వచ్చిన నవ్వుకు పైకప్పు ఎగిరి యలహంక చెరువులో పడిందని నేను అంటే మీరు నాలుగో వంతు తీసేయండి. వెనక వరుసల నుంచి, "ఆ పిల్లోణ్ణే పిలవండి!" అని అరుపులు. టెలిఫోన్ ఆవిడ, కిరీటంతో సహా, తప్పు నంబరు కలిపానేమో అన్నట్టు మా ఇద్దరి వైపూ చూస్తోంది. నా మటుకు నేను తెర వెనక పంచె విప్పి ప్యాంటు కోసం వెతుక్కుంటున్నాను. మర్నాడు ఆఫీసులో నా గతి ఏమిటా అని కూడా ఆలోచిస్తున్నాను.

అధ్యక్షులవారు ఒక్క క్షణం తన పొట్ట వైపు చూసుకున్నారు. తర్వాత ఆయనకే నవ్వొచ్చింది. ఆ నవ్వుకు విగ్గు ముందుకు జారింది. దాన్ని తీసి, తెర వెనక్కి వచ్చి నా నెత్తిన పెట్టి, జరీ ఉత్తరీయం నా మెడలో వేసి, "వెళ్లవయ్యా, పబ్లిక్ డిమాండ్," అని నన్ను ముందుకు తోశారు. ఆయన మీద నాకు ఆ రోజు పుట్టిన గౌరవం ఇంక్రిమెంట్లు రాని ఏడాది కూడా తగ్గలేదు.

వేదిక మీద నిలబడ్డాను. నాకు మహాకవి మాటలు ఒక్కటీ రావు. అంత అవసరం ఎందుకుంటుందని ఆ పేజీలు తిరగేయలేదు. చూశారా, కథలో మూర్ఖుడి పరిస్థితి ఎలా ఉందో నాదీ అచ్చంగా అలాగే ఉంది. నోరు తెరవాలి, లోపల ఏమీ లేదు. అప్పుడు తెర చాటు నుంచి మేష్టారి గొంతు సన్నగా వచ్చింది. ఆయన ఒక ముక్క అందించడం, నేను దాన్ని పట్టుకుని ఎలుగెత్తి చెప్పడం. అమ్మవారు నాలుక మీద రాసిందంటారే, నాకు చెవిలో రాసింది. రెండు మూడు మాటలయ్యేసరికి నాకు పూనకం వచ్చింది. వచ్చిన ప్రతి ముక్కనూ ఆలోచించకుండా రాగంలో పెట్టేస్తున్నాను.

"మేఘములు కదిలెను, మనసు కదిలెను!" అన్నారు మేష్టారు.

"మేఘములు కదిలెను, మనసు కదిలెనూ!" అన్నాను.

"పంచె కదులుతావుంది, పట్టుకో."

"పంచె కదులుతావుందీ... పట్టుకో!" అని చేయి ఆకాశానికెత్తాను.

పట్టుకోవలసిన చేయి అదే కాబట్టి, ఆ తర్వాత ఏం జరిగిందో చెప్పను. లోపల నిక్కరు ఉందని మాత్రం చెబుతాను. అమ్మగారు కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. అయినా ఆవిడ నవ్వి ఊరుకోలేదు. రాకుమారి దగ్గరికి నేను తిరిగి వెళ్లి తలుపు తట్టే చోట, హాలంతా ఇంకా కిలకిలలాడుతుంటే, "ఉష్, సుమ్మనుండండి, ఆ పిల్ల ఏమంటాదో విననీ!" అని గట్టిగా అరిచింది. తెర పడేదాకా ఆ కళ్లు మూతపడలేదు. మేష్టారు చిరుగు దగ్గరి నుంచి కదలకుండా చూశారు. నాటకం అయ్యాక ఆయన నా చెయ్యి పట్టుకుని, "చూసినావా అప్పా? రెప్ప వేయలే," అన్నారు.

అక్కడితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? వ్యానులో ఇంటికొస్తుంటే నా నోరు దురద పెట్టింది.

"అంత నీలగిరి వాసనలో ఎవరికైనా నిద్రెలా పడుతుంది లెండి," అన్నాను.

మేష్టారి మొహం వెలవెలబోయింది. హాస్యానికి అన్నాను బాబూ అని ఎన్ని రకాలుగా చెప్పినా ఆ ముల్లు దిగిపోయింది. ఆ వారమంతా ఆయన మిద్దె ఎక్కలేదు. ఎదురుపడితే, "నాటకం చూసిందా, గలాటా చూసిందా? నీలగిరి వాసనేనా?" అని తనలో తాను గొణుక్కునేవారు. వెళ్లి అడగండి అంటే, "నాకు ధైర్యం లేదప్పా. నువ్వే ఏదో ఒకటి చేసి కనుక్కో," అన్నారు. ఆయన కలం మాత్రం బల్ల మీద కనబడటం లేదు. అటక వైపు నేను చూడలేదు.

ఆదివారం మధ్యాహ్నం అమ్మగారు వసారాలో చాప పరిచి, అనపగింజలు పితుకుతోంది. అది వాటి కాలం. నానబెట్టిన గింజను రెండు వేళ్ల మధ్య నొక్కితే పప్పు టపీమని గిన్నెలోకి దూకాలి. నాకూ ఒక గుప్పెడు పడేసింది. నేను నొక్కినవి గిన్నెలోకి తప్ప ఊరంతా దూకాయి. మేష్టారు పక్కనే కుర్చీలో పేపరు అడ్డం పెట్టుకుని ఉన్నారు. పేపరు చాలాసేపటి నుంచీ తిరగడం లేదు.

"ఏమమ్మా, నాటకం ఎలా ఉంది?" అన్నాను, మాటవరసకు అడిగినట్టు.

"ఎట్లేంది. నాకు నాలుగు రోజులుగా ఒక సంగతి తెగడం లేదప్పా," అంది గింజ నొక్కుతూ. "ఆ పిల్లోణ్ణి గెంటేసినాక, వాడు కవి అయి తిరిగొచ్చేదాకా ఆ రాకుమారి ఏం చేసింది? ఈయన ఆమెను ఒక మూల వీణ పట్టిచ్చి కూర్చోబెట్టి మర్చిపోయినాడు. అంతమంది పండితుల్ని ఓడించిన ఆడది, సుమ్మనే వీణ వాయిస్తా కూర్చుంటాదా? నన్ను మోసం చేసింది ఎవరని వెతకదా? ఆ పండితుల్ని పిలిపించి ఒక్కొక్కణ్ణీ అడగదా?"

పేపరు మెల్లగా కిందికి దిగింది.

"కథలో అట్ల లేదే," అన్నారు మేష్టారు. "పాతకాలం నుంచీ చెప్పుకొనేది అంతే. గెంటేసింది, ఆయన పోయినాడు, వచ్చినాడు. మధ్యలో ఆమె సంగతి ఎవరూ చెప్పలేదు."

"లోకం చెప్పుకొనేదే రాసేదానికి మీరేంటికండీ? అది నాకూ తెలుసు కదా."

మేష్టారు నా వైపు చూశారు. ఆ చూపులో నీలగిరి తోపు మొత్తం నేలకూలింది. లేచి లోపలికి పోయి, అటక దగ్గర స్టూలు జరిపిన చప్పుడు చేసి, కాగితాలూ కలమూ తెచ్చుకున్నారు.

"అయితే ఏం చేసి ఉంటాదంటావు?"

"ఫస్టు, ఆ వేళ్ల వాదానికి అర్థం చెప్పినోణ్ణి పట్టుకుంటాది. వాడే కదా దొంగ."

అలా మొదలైంది. ఆయన ఒక వాక్యం రాసి చదవడం, ఆవిడ గింజలు నొక్కుతూనే, "దాసీ అట్ల మాట్లాడదండీ, అది మీ మాట" అనడం, ఆయన కొట్టేసి మళ్లీ రాయడం. రాకుమారి ఒక డిటెక్టివ్‌లా పండితుల ఇళ్లకు మారువేషంలో వెళ్లింది. ఒక పండితుడు ఏడ్చాడు. ఇంకొకడు పారిపోయాడు. నాటకం మూడు వారాల్లో రెండింతలైంది. ఇంకా రాకుమారి పరిశోధన సగంలోనే ఉంది. ఆ నెలలో నేను పితికిపప్పు కూర ఎంత తిన్నానంటే, ఆ గది గోడలకు నా తలా పాదాలే కాదు, పొట్ట కూడా తగిలింది.

ఒక సాయంత్రం మేష్టారు ఊపిరి పీల్చుకోవడానికన్నట్టు మిద్దె మీదికి వచ్చారు. వేళ్లకు ఇంకు, జుట్టు చెదిరి ఉంది.

"ముందే బాగుండె అప్పా," అన్నారు గట్టు మీద కూలబడి. "ఆమె నిద్రపోతా ఉంటే నాటకం కనీసం ముగిసేది. ఇప్పుడు ఒక్క సీను దాటనీదు. నాకు వయసైంది. నా వల్ల కాదు. నేను నిలిపేస్తాను."

నేను ఓదార్చబోతుండగా కింది నుంచి అమ్మగారి కేక వినబడింది.

"ఏమండీ! ఆ పారిపోయిన పండితుడు యాడ దాక్కున్నాడు? ఆ తర్వాత ఏమైంది?"

ఆయన గట్టు మీంచి లేచి, ఆ వయసులో రెండేసి మెట్లు ఒక్కో అడుగులో దిగుతూ, "వస్తా ఉండా, వస్తా ఉండా! వాడు దేవళంలో ఉండాడే!" అని అరుచుకుంటూ పరిగెత్తారు.